ప్లైయోమెట్రిక్ వ్యాయామాలు

ప్లైయోమెట్రిక్ వ్యాయామాలు అంటే కండరాన్ని ముందుగా వేగంగా సాగదీసి, వెనువెంటనే అంతే వేగంగా సంకోచింపజేసే వ్యాయామాలు. గెంతడం, ఒంటికాలితో కుంటడం, పెద్ద పెద్ద అంగలు వేయడం, పీట మీద నుండి దిగిన మరుక్షణమే పైకి ఎగరడం, బరువైన బంతిని విసరడం మొదలైనవి ఈ కోవకు చెందుతాయి. కండరాలకు ఉన్న బలాన్ని అతి తక్కువ సమయంలో ప్రయోగించగలగడం వీటి ముఖ్య ప్రయోజనం. అందువలన స్ప్రింట్ అనబడే తక్కువ దూరపు పరుగు పందేలలోనూ, లాంగ్ జంప్, ట్రిపుల్ జంప్, హర్డిల్స్ వంటి క్రీడాంశాలలోనూ ఇవి శిక్షణలో విడదీయరాని భాగమైనాయి. చూడటానికి పిల్లల ఆటలవలె కనిపించినా, ఇవి కీళ్ళపై శరీర బరువుకు కొన్ని రెట్ల భారం మోపుతాయి. కనుక క్రమపద్ధతిలో, తగిన విశ్రాంతితో చేసినప్పుడే మేలు చేస్తాయి.

పేరు

ప్లైయోమెట్రిక్స్ అనే పదానికి మూలం గ్రీకు భాష. ఆ భాషలో "ప్లెయాన్" అనగా ఎక్కువ, "మెట్రాన్" అనగా కొలత. ఈ పేరును 1975లో అమెరికాకు చెందిన ఫ్రెడ్ విల్ట్ వాడుకలోకి తెచ్చాడు. విల్ట్ 1948 లండన్, 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో 10,000 మీటర్ల పరుగులో పాల్గొన్న క్రీడాకారుడు. తరువాత శిక్షకుడుగా, అథ్లెటిక్స్ రచయితగా పేరు పొందాడు. తూర్పు ఐరోపా క్రీడాకారులు చేసే గెంతుల సాధనకు ఆంగ్లంలో ఒక పేరు లేకపోవడంతో ఆయన ఈ పదాన్ని సృష్టించాడు.

చరిత్ర

ఈ పద్ధతికి శాస్త్రీయ రూపమిచ్చినవాడు సోవియట్ యూనియన్‌కు చెందిన యూరీ వెర్ఖోషాన్‌స్కీ (1928–2010). మాస్కోలో జంప్ క్రీడాకారులకు శిక్షణ ఇస్తున్న కాలంలో ఆయన ట్రిపుల్ జంప్‌ను నిశితంగా పరిశీలించాడు. ఒక గెంతు ముగిసి కాలు నేలను తాకినప్పుడు ఆ ఒక్క కాలిపై శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం పడుతుంది. ఆ భారాన్ని క్షణకాలంలో తట్టుకొని తిరిగి ఎగరగలిగినవాడే ఎక్కువ దూరం దూకుతున్నాడు. మోయలేనంత ఇనుప బరువులు ఎత్తనవసరం లేకుండానే, తగిన ఎత్తు నుండి దిగి వెంటనే ఎగరడం ద్వారా ఇటువంటి భారాన్ని శిక్షణలోనే కలిగించవచ్చునని ఆయన గ్రహించాడు. దీనికి "షాక్ పద్ధతి" అని పేరు పెట్టాడు. 1960 దశకంలో ఆయన వ్యాసాలు రష్యన్ క్రీడా పత్రికలలో వెలువడినాయి. మైకేల్ యెసిస్ చేసిన అనువాదాల ద్వారా అవి అమెరికా శిక్షకులకు చేరినాయి.

1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో సోవియట్ యూనియన్ తరఫున పరుగెత్తిన వలేరీ బోర్జోవ్ 100 మీటర్లను 10.14 సెకన్లలో, 200 మీటర్లను 20.00 సెకన్లలో ముగించి రెండు బంగారు పతకాలు గెలిచాడు. అప్పటివరకు అమెరికా క్రీడాకారులు ఎక్కువగా ఆధిపత్యం వహించిన ఈ పందేలలో ఈ విజయం సంచలనం కలిగించింది. దానితో సోవియట్ శిక్షణా విధానాలపై పశ్చిమ దేశాలలో ఆసక్తి పెరిగింది.

అదే కాలంలో శరీరధర్మ శాస్త్రవేత్తలు కూడా ఈ విషయంపై కృషి చేశారు. ముందుగా సాగదీయబడిన కండరం మామూలు కండరం కంటే ఎక్కువ పని చేస్తుందని ఇటలీకి చెందిన జియోవాన్ని కవాన్యా, ఆయన సహచరులు 1960 దశకంలో చూపారు. ఫిన్లాండ్‌కు చెందిన పావో కోమి, ఇటలీకి చెందిన కార్మెలో బోస్కో 1970 దశకంలో మనుషుల గెంతులలో ఇదే విషయాన్ని కొలిచి చూపారు.

వెర్ఖోషాన్‌స్కీ షాక్ పద్ధతి అన్నప్పుడు ముఖ్యంగా ఎత్తు నుండి దిగి ఎగరడాన్నే ఉద్దేశించాడు. పశ్చిమ దేశాలలో ప్లైయోమెట్రిక్స్ అనే పదం క్రమంగా అన్ని రకాల గెంతులకూ వర్తించింది. ఈ రెండింటికీ గల తేడాను గమనించకపోవడం వలన శిక్షణలో పొరపాట్లు జరుగుతుంటాయి.

పరుగు వేగానికి, నేలను తాకే కాలానికి సంబంధం

కాళ్ళను ఎంత త్వరగా ఆడిస్తే అంత వేగంగా పరుగెత్తవచ్చునని సాధారణంగా అనుకుంటారు. 2000 సంవత్సరంలో అమెరికాలో పీటర్ వేయాండ్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన వేరొక సంగతి చెప్పింది. గాలిలో కాలిని ముందుకు తెచ్చుకోవడానికి పట్టే సమయం వేగంగా పరుగెత్తేవారిలోనూ, నెమ్మదిగా పరుగెత్తేవారిలోనూ దాదాపు ఒకటే. వేగంగా పరుగెత్తేవారు నేలను ఎక్కువ బలంతో తన్నుతున్నారు. అసలు తేడా అక్కడ ఉన్నది.

ఈ బలాన్ని ప్రయోగించడానికి దొరికే సమయం మాత్రం చాలా తక్కువ. పందెం మొదట్లో ఒక్కొక్క అడుగు నేలపై సుమారు 0.2 సెకను ఉంటుంది. వేగం పుంజుకున్న తరువాత ఇది 0.1 సెకను, మేటి క్రీడాకారులలో ఇంకా తక్కువ అవుతుంది. కానీ మనిషి కండరం తన పూర్తి బలాన్ని చేరుకోవడానికి 0.3 సెకను లేదా అంతకన్న ఎక్కువ కాలం పడుతుంది. అంటే ఎంత బలవంతుడైనా, పూర్తి బలం వెలువడేలోగానే పాదం నేలను విడిచిపెడుతుంది. కాబట్టి పరుగులో లెక్కకు వచ్చేది మొత్తం బలం కాదు, ఆ పదో వంతు సెకనులో వెలువడే బలం. ప్లైయోమెట్రిక్ వ్యాయామాల అవసరం ఇక్కడే ఏర్పడుతున్నది.

భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు దీనిని లెక్క కట్టి చూడవచ్చు. ఒక పరుగువీరుని పాదం నేలపై 0.10 సెకను ఉండి, తరువాత అతడు 0.12 సెకను గాలిలో ఉన్నాడనుకొందాం. గురుత్వాకర్షణ మొత్తం 0.22 సెకన్లపాటూ అతనిని కిందికి లాగుతూనే ఉంటుంది. దానిని సరితూచే బలం మాత్రం 0.10 సెకనులోనే నేల నుండి రావాలి. బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చేది ప్రచోదనం. రెండు ప్రచోదనాలు సమానం కావాలంటే నేలపై ప్రయోగించే సగటు బలం శరీర బరువుకు 0.22/0.10, అనగా 2.2 రెట్లు ఉండాలి. 60 కిలోల మనిషి ప్రతి అడుగులోనూ ఒంటికాలిపై 132 కిలోల బరువుకు సమానమైన సగటు భారాన్ని మోస్తున్నాడన్నమాట. గరిష్ఠ భారం ఇంకా ఎక్కువ. 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లలో 100 మీటర్లు పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఉసేన్ బోల్ట్ ఆ దూరాన్ని సుమారు 41 అంగలలో ముగించాడు. నేలను తన్నడానికి అతనికి దొరికిన అవకాశాలు అన్నే.

కండరాలలో జరిగే ప్రక్రియ

ప్రతి ప్లైయోమెట్రిక్ కదలికలోనూ మూడు దశలు ఉంటాయి.

సాగే దశ: పాదం నేలను తాకగానే చీలమండ, మోకాలు, తుంటి కొద్దిగా వంగుతాయి. పిక్క, తొడ ముందు భాగం, పిరుదుల కండరాలు సాగుతూనే పతనాన్ని నిలువరిస్తాయి. కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధకాలు, ముఖ్యంగా మడమ వెనుకనున్న ఎకిలిస్ స్నాయుబంధకం, సాగి స్థితిజశక్తిని నిలువ చేసుకుంటాయి.

మలుపు దశ: పతనం ఆగి, ఎగరడం మొదలయ్యే ముందు ఉండే క్షణం ఇది. మూడు దశలలో దీనికే ప్రాముఖ్యం ఎక్కువ. ఇది ఎంత తక్కువైతే ఫలితం అంత ఎక్కువ.

సంకోచ దశ: కండరాలు సంకోచిస్తాయి. స్నాయుబంధకాలలో నిలువయున్న శక్తి దానికి తోడై శరీరాన్ని పైకి లేదా ముందుకు నెడుతుంది.

ఈ ప్రక్రియను ఉండేలుతో పోల్చవచ్చు. అయితే ఒక తేడా ఉన్నది. ఉండేలు రబ్బరును లాగి కొంతసేపు పట్టుకున్నా దానిలోని శక్తి చెప్పుకోదగినంతగా తగ్గదు. కండరం అట్లా కాదు. మలుపు ఆలస్యమైతే నిలువయున్న శక్తిలో చాలా భాగం వేడిగా మారి వృథా అవుతుంది.

దీనికి నాడీమండలం కూడా తోడ్పడుతుంది. కండరాలలో మజిల్ స్పిండిల్ అనే సూక్ష్మ గ్రాహకాలు ఉంటాయి. కండరం హఠాత్తుగా సాగినప్పుడు ఇవి వెన్నుపాముకు సంకేతం పంపుతాయి. మెదడు ప్రమేయం లేకుండానే ఆ కండరం సంకోచిస్తుంది. వైద్యుడు మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టినప్పుడు కాలు ఎగిరిపడే ప్రతీకార చర్య ఇటువంటిదే. అలవాటైన క్రీడాకారులలో మరొక మార్పు కూడా కనిపిస్తుంది. పాదం నేలను తాకక ముందే పిక్క కండరాలు బిగుసుకొని దెబ్బకు సిద్ధంగా ఉంటాయి.

పై విషయాన్ని తరగతిలో సులభంగా పరీక్షించవచ్చు. విద్యార్థి గోడ పక్కన నిలబడి, చేతివేళ్ళకు సుద్ద రాసుకొని, మోకాళ్ళు వంచి మూడు సెకన్లు కదలకుండా ఆగి, తరువాత ఎగిరి గోడపై గుర్తు పెట్టాలి. రెండవసారి నిటారుగా నిలబడి, చటుక్కున వంగి ఆగకుండా ఎగరాలి. సాధారణంగా రెండవ గుర్తు కొన్ని సెంటీమీటర్లు పైన ఉంటుంది. రెండుసార్లూ చేతులను ఒకే విధంగా ఉంచాలి.

ముఖ్యమైన వ్యాయామాలు

జర్మనీకి చెందిన డీట్మార్ ష్మిట్‌బ్లైకర్ నేలను తాకే కాలాన్ని బట్టి ఇటువంటి కదలికలను రెండుగా విభజించాడు. 0.25 సెకను కంటే తక్కువైతే వేగవంతమైనవి, ఎక్కువైతే నిదానమైనవి. పందెం తొలి అడుగులకు కొంత నిదానమైన, ముందుకు సాగే గెంతులు, పూర్తి వేగపు పరుగుకు అతి త్వరగా ముగిసే గెంతులు ఎక్కువ సరిపోతాయి.

* చీలమండ గెంతులు: మోకాళ్ళను దాదాపు నిటారుగా ఉంచి, కేవలం చీలమండల ఊపుతో రెండు కాళ్ళపై ఉన్నచోటనే గెంతడం. మడమలు నేలకు ఆనరాదు. తాడాట కూడా ఈ రకానికి చెందినదే.
* నిలువు గెంతు: చటుక్కున వంగి పైకి ఎగరడం.
* నిలుచున్న చోటు నుండి దూరానికి దూకడం: పందెం ఆరంభంలో కావలసిన బలానికి మంచిది.
* స్కిప్పింగ్ అంగలు: ఒక మోకాలును పైకి లేపుతూ, రెండవ కాలితో చిన్న గెంతు వేస్తూ ముందుకు సాగడం.
* బౌండింగ్: పరుగునే పెద్దది చేసినట్లు, ఒక కాలిపై నుండి మరొక కాలిపైకి పొడవైన అంగలు వేయడం. స్ప్రింట్ కదలికకు ఇది బాగా దగ్గరగా ఉంటుంది.
* ఒంటికాలి గెంతులు: ఒకే కాలిపై వరుసగా ముందుకు కుంటడం. భారమంతా ఒక కాలిపైనే పడుతుంది కనుక కొత్తవారికి తగదు.
* హర్డిల్ గెంతులు: వరుసగా పెట్టిన తక్కువ ఎత్తు హర్డిల్స్‌ను రెండు కాళ్ళతో ఆగకుండా దాటడం.
* డ్రాప్ జంప్: పీట మీద నుండి ఒక అడుగు ముందుకు వేసి దిగి, నేలను తాకిన మరుక్షణమే పైకి ఎగరడం. వీటన్నిటిలో తీవ్రమైనది.

తెలుగు పల్లెలలో పిల్లలు ఆడే తొక్కుడుబిళ్ళ ఆటలో ఒంటికాలి గెంతులు, సమతూకం, గీత తొక్కకుండా కచ్చితంగా దిగడం అన్నీ ఉన్నాయి. దీనిని క్రీడా శిక్షణ అనలేము. కానీ చిన్న వయసులో ఇటువంటి ఆటలు ఆడిన పిల్లలకు గెంతి దిగే నేర్పు ఆటలోనే కొంత అలవడుతుంది.

హర్డిల్స్ పందెంలోనూ ఈ సామర్థ్యం ఎంతో అవసరం. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో 10 హర్డిల్స్ ఉంటాయి. వాటి మధ్య దూరం 8.5 మీటర్లు. ఆ దూరాన్ని మూడు అంగలలో దాటాలి. హర్డిల్ దాటి దిగిన కాలు ఏ మాత్రం కుంగినా వేగం పోతుంది. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజీ ఈ పందెంలో 2023లో బాంకాక్‌లోనూ, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలోనూ ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ బంగారు పతకాలు గెలిచింది.

పీట ఎత్తు ఎంత ఉండాలి

డ్రాప్ జంప్‌లో ఎత్తు పెరిగేకొద్దీ ఫలితం పెరుగుతుందనుకోవడం సరికాదు. 20 సెంటీమీటర్ల ఎత్తు నుండి దిగినవారు సెకనుకు సుమారు 2 మీటర్ల వేగంతో నేలను తాకుతారు. 80 సెంటీమీటర్ల నుండి అయితే ఆ వేగం సుమారు 4 మీటర్లు. వేగం రెండింతలే అయినా కాళ్ళు తట్టుకోవలసిన శక్తి నాలుగింతలు. వెర్ఖోషాన్‌స్కీ సూచించిన 75 సెంటీమీటర్లు, 110 సెంటీమీటర్ల ఎత్తులు ఏళ్ళ తరబడి బరువులతో సాధన చేసిన క్రీడాకారులను ఉద్దేశించినవి. కొత్తవారికి 20 నుండి 30 సెంటీమీటర్లు చాలు.

సరైన ఎత్తును తెలుసుకోవడానికి శిక్షకులు ఎగిరిన ఎత్తును నేలను తాకిన కాలంతో భాగిస్తారు. దీనిని రియాక్టివ్ స్ట్రెంగ్త్ ఇండెక్స్ అంటారు. పీట ఎత్తు పెంచినప్పుడు ఈ విలువ తగ్గితే ఆ ఎత్తు ఆ క్రీడాకారునికి ఎక్కువైనట్లే. పరికరాలు లేనిచోట చెవి, కన్ను చాలు. మడమలు నేలకు దబ్బున తగులుతున్నా, మోకాళ్ళు లోతుగా కుంగుతున్నా, దిగిన తరువాత ఎగరడానికి ముందు తటపటాయింపు కనిపించినా ఎత్తు తగ్గించాలి.

శిక్షణా నియమాలు

* శిక్షణ పరిమాణాన్ని పాదాలు నేలను తాకిన సంఖ్యతో లెక్కిస్తారు. కొత్తవారికి ఒక పూటకు 80 నుండి 100, అనుభవం ఉన్నవారికి 120 నుండి 140 వరకు సాధారణంగా సూచిస్తారు. పాఠశాల విద్యార్థులు ఇంకా తక్కువతో మొదలుపెట్టడం మంచిది.
* రెండు పూటల శిక్షణకు మధ్య 48 నుండి 72 గంటల విశ్రాంతి ఉండాలి. అందువలన వారానికి రెండు లేదా మూడుసార్లకు మించరాదు.
* వ్యాయామానికి పట్టిన కాలానికి 5 నుండి 10 రెట్లు విశ్రాంతి తీసుకోవాలి. 10 సెకన్లు గెంతితే 50 నుండి 100 సెకన్లు ఆగాలి.
* ఒళ్ళు వేడెక్కిన తరువాత, అలసట కలగక ముందే ఈ వ్యాయామాలు చేయాలి. దూరపు పరుగు తరువాత చేయరాదు.
* రొప్పుతూ, చెమటలు కక్కుతూ చేయడం ఈ వ్యాయామాల లక్ష్యం కాదు. గెంతు ఎత్తు తగ్గినా, నేలను అంటి ఉండే కాలం పెరిగినా, లెక్క పూర్తి కాకపోయినా ఆనాటికి ఆపివేయాలి. అలసిన కాలితో చేసే గెంతు నెమ్మదిగా తన్నడాన్నే అలవాటు చేస్తుంది.

2012లో స్పెయిన్‌కు చెందిన ఎడ్వర్డో సాయెజ్ డి వియారియల్, ఆయన సహచరులు అంతకుముందు జరిగిన అనేక పరిశోధనలను కలిపి విశ్లేషించారు. ఈ వ్యాయామాల వలన స్ప్రింట్ వేగం మెరుగవుతున్నదనీ, పైకి ఎగిరే గెంతులతోపాటు ముందుకు సాగే గెంతులను కూడా చేర్చడం మంచిదనీ, ఒంటికి అదనపు బరువులు కట్టుకొని గెంతడం వలన ప్రత్యేక లాభం కనబడలేదనీ వారు తెలిపారు.

నమూనా ప్రణాళిక

ఆరోగ్యంగా ఉండి, కొన్ని వారాలుగా పరుగు, గుంజీళ్ళు వంటివి సాధన చేస్తున్న కళాశాల విద్యార్థికి ఆరు వారాల ప్రణాళిక ఈ విధంగా ఉండవచ్చు. వారానికి రెండు పూటలు చేయాలి.

* 1, 2 వారాలు: చీలమండ గెంతులు 10 చొప్పున 3 సార్లు, నిలువు గెంతులు 6 చొప్పున 3 సార్లు, నిలుచుని దూరానికి దూకడం 4 చొప్పున 3 సార్లు. మొత్తం 60.
* 3, 4 వారాలు: చీలమండ గెంతులు 12 చొప్పున 3 సార్లు, స్కిప్పింగ్ అంగలు 10 చొప్పున 2 సార్లు, బౌండింగ్ 8 అంగల చొప్పున 3 సార్లు. మొత్తం 80.
* 5, 6 వారాలు: చీలమండ గెంతులు 10 చొప్పున 2 సార్లు, బౌండింగ్ 10 అంగల చొప్పున 4 సార్లు, 30 సెంటీమీటర్ల హర్డిల్ గెంతులు 5 చొప్పున 4 సార్లు, 20 సెంటీమీటర్ల డ్రాప్ జంప్ 5 చొప్పున 2 సార్లు. మొత్తం 90.

ప్రతి పూటా చివర, బాగా విశ్రాంతి తీసుకొని, 30 మీటర్ల పరుగు నాలుగుసార్లు పూర్తి వేగంతో తీయాలి.

జాగ్రత్తలు

సిమెంటు గచ్చు, తారురోడ్డు ఈ వ్యాయామాలకు పనికిరావు. పచ్చిక, సమంగా చదును చేసిన మట్టి నేల, సింథటిక్ ట్రాక్ అనుకూలం. ఇసుకలో కీళ్ళపై భారం తగ్గుతుంది. కానీ నేలను తాకే కాలం పెరుగుతుంది కాబట్టి వేగవంతమైన గెంతులకు ఇసుక తగదు. పాతబడి అడుగు అరిగిన బూట్లు, చెప్పులు వేసుకొని చేయరాదు. పీట కదలకుండా, జారకుండా ఉండాలి.

ఎగరడం కంటే ముందు దిగడం నేర్పాలి. దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా పాదాల వైపే ఉండాలి. శరీర బరువు ఎక్కువగా ఉన్నవారు, ముఖ్యంగా 100 కిలోలు దాటినవారు, ఎత్తయిన పీటల నుండి దూకరాదు. పిల్లలు పర్యవేక్షణలో తేలిక గెంతులు చేయవచ్చు. ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసులో ఎత్తు నుండి దూకించడం మాత్రం కూడదు.

హద్దు మీరితే ముంగాలి ఎముక వెంట నొప్పి, మోకాలి చిప్ప కింద నొప్పి, ఎకిలిస్ స్నాయుబంధకం వాపు కలుగుతాయి. ఇవి సాధారణంగా ఒక్కరోజులో రావు. వారాల తరబడి చిన్న నొప్పిని లెక్కచేయకపోవడం వలన ముదురుతాయి. పోటీలు దగ్గర పడ్డాయని పది రోజులలో వందల గెంతులు వేయించడం వలన వేగం పెరగకపోగా విద్యార్థి ఆ సంవత్సరం పోటీలకే దూరమయ్యే ప్రమాదం ఉన్నది. ఉదయం లేవగానే మడమ వద్ద బిగుతు, ఒకే చోట వేలితో నొక్కితే ఎముక నొప్పి కనిపించినప్పుడు గెంతులు ఆపి వైద్యుని సంప్రదించాలి.

అపోహలు

* గెంతితే ఎత్తు పెరుగుతారు: ఎత్తు వంశపారంపర్యం, ఆహారం, హార్మోన్లపై ఆధారపడుతుంది. ఈ వ్యాయామాలు ఎముకల పొడవును పెంచవు.
* బరువులు ఎత్తితే వేగం తగ్గుతుంది: ఇది నిజం కాదు. గుంజీళ్ళు, బరువులతో సంపాదించిన బలమే ఈ వ్యాయామాలకు పునాది. ఆ బలాన్ని త్వరగా వాడటం ఇవి నేర్పుతాయి.
* ఏ గెంతు అయినా ప్లైయోమెట్రిక్ వ్యాయామమే: నిదానంగా వంగి, ఆగి, ఎగిరే గెంతులో సాగే దశ ప్రయోజనం దాదాపు ఉండదు.

పరిమితులు

పరుగు వేగం పుట్టుకతో వచ్చిన కండర తంతువుల రకం, అంగ తీరు, ఆరంభపు నేర్పు వంటి అనేక విషయాలపై ఆధారపడుతుంది. ప్లైయోమెట్రిక్ వ్యాయామాలు వాటిలో ఒకదానిని మాత్రమే, అనగా నేలను తక్కువ కాలంలో బలంగా తన్నే శక్తిని, మెరుగుపరుస్తాయి. పూర్తి వేగంతో పరుగెత్తడం కూడా స్వయంగా ఒక ప్లైయోమెట్రిక్ వ్యాయామమే. కనుక గెంతులు పరుగు సాధనకు తోడుగా ఉండాలే గాని దాని స్థానాన్ని ఆక్రమించరాదు.

ఇవి కూడా చూడండి

* పరుగు పందెం
* ట్రిపుల్ జంప్
* హర్డిల్స్
* కండరం
* తొక్కుడుబిళ్ళ

వర్గాలు: వ్యాయామం, అథ్లెటిక్స్, క్రీడా శిక్షణ